చెప్పినవారి పేరు

కుర్చీ చూపించినా రయీస్ హమ్మాదీ కూర్చోలేదు. కెర్కెన్నా దీవి నుంచి తొలి ఓడలో స్ఫాక్స్ చేరి, రేవు దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చి, తన పడవ నుంచి ఊడదీసిన, దారి చూపే పెట్టెను నజ్లా బల్ల మీద పెట్టాడు. గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. రయీస్ అంటే పడవ పెద్ద. అరవై దాటిన మనిషి. ఉప్పునీళ్ళకు చిట్లిన చేతులు, పిక్కల దాకా మడిచిన పంట్లాము.

"ఆగిపోయింది" అన్నాడు. "ఆగిపోయి, నేనున్న చోటు కాకుండా అంతకుముందున్న చోటు చూపించింది. నేనింకా లోతు నీళ్ళలోనే ఉన్నాననుకున్నా. పడవేమో వెళ్ళి మబ్రూకా షర్ఫియాలో దూరింది."

షర్ఫియా అంటే లోతులేని నీళ్ళలో ఈత మట్టలు వరసగా పాతి కట్టే చేపల దడి. ఒక్కో దడి ఒక్కో కుటుంబానిది, తాతల నుంచి వచ్చింది. హమ్మాదీ పడవ పొగమంచులో ఆ దడిని ఈ చివరి నుంచి ఆ చివరికి చీల్చుకుంటూ పోయింది. దానిమీద రేవు కమిటీకి ఫిర్యాదు వెళ్ళింది. అతని లైసెన్సు ఆపాలని కమిటీ ఆలోచన. ఆక్టోపస్ కాలం వాకిట్లో ఉంది. అది పోతే కెర్కెన్నాలో ఏడాదంతా పోయినట్టే.

"స్క్రీన్ నల్లబడిందా?" అని అడిగింది నజ్లా.

"నల్లబడితే బాగుండేది. వెలుగుతూనే ఉంది. మ్యాపు ఉంది, పడవ బొమ్మ ఉంది, గడియారం ఉంది. కానీ ఆ గడియారం కదలట్లేదు. నా చేతి గడియారం చూసుకున్నా. రెండింటికీ పొంతన లేదు. ఇదేంట్రా అనుకునేలోపే అడుగున మట్టలు విరుగుతున్న చప్పుడు."

పక్క బల్ల దగ్గర ఇస్కందర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. పెట్టెల్ని బిగించడం, పడవలవాళ్ళ ఫిర్యాదులు వినడం అతని పని. "రయీస్, ఆ ముందురోజు ఎవరిదైనా పెళ్ళికి వెళ్ళొచ్చారా? పడవ నడుపుతూ కునుకు తీయడం తప్పేం కాదు, మా మావయ్య కారు నడుపుతూ తీస్తాడు."

హమ్మాదీ అతని వైపు తలైనా తిప్పలేదు. "నేను పడుకోలేదు" అన్నాడు నజ్లాతోనే. "మా ఊళ్ళో కాఫీ దుకాణంలో ఈ మాట చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. చిన్నప్పటి నుంచి సముద్రం మీదున్నవాడు ముసలితనంలో టీవీ మీద నేరం నెడుతున్నాడంట. మా బావమరిదే అన్నాడు."

ఆ పెట్టెలు తయారుచేసే కంపెనీ యజమాని షెడ్లీ గారు లోపలి గదిలోంచి వచ్చారు. మర్యాద తెలిసిన మనిషి. హమ్మాదీ భుజం మీద చెయ్యి వేసి, ఇంట్లోవాళ్ళ క్షేమం అడిగి, కాఫీ తెప్పించారు. ఆ తర్వాత నజ్లాను కిటికీ దగ్గరికి పిలిచారు.

"గురువారం కమిటీ కూర్చుంటుంది. పెట్టెలో లోపముందా లేదా అని మన దగ్గర్నుంచి సాంకేతిక నివేదిక అడిగారు. పొద్దున్నంతా నడిపి చూసి సంతకం పెట్టెయ్యమ్మా. వచ్చే ఏడు దీవిలో పడవలన్నిటికీ మన పెట్టెలే పెట్టించాలని మత్స్యశాఖవాళ్ళు అనుకుంటున్న సమయం ఇది. నీకు తెలుసుగా."

నజ్లా పెట్టెకు కరెంటు ఇచ్చింది. దొంగ ఉపగ్రహ సంకేతం పంపే పరికరాన్ని తగిలించింది. స్క్రీన్ మీద పడవ బొమ్మ బుద్ధిగా కదిలింది. మధ్యాహ్నం దాకా ఎక్కడా ఆగలేదు. హమ్మాదీ గోడ దగ్గరే నిలబడి, చల్లారిన కాఫీ కప్పు పట్టుకుని, ఆ బొమ్మనే చూశాడు.

"ఇప్పుడే నిద్రలేచినవాణ్ణి పట్టుకుని అలసిపోయావా అంటే ఏం చెబుతాడు?" అన్నాడు చివరికి. "దాన్ని మూడ్రోజులు సముద్రం మీద ఉంచి, అప్పుడడుగు."

అతను వెళ్ళిపోయాక కూడా ఆ మాట నజ్లా చెవిలోనే ఉండిపోయింది. పెట్టెను పడవ నుంచి ఊడదీయడమంటే కరెంటు తీసేయడం. కరెంటు తీస్తే మెమరీ తుడిచిపెట్టుకుపోతుంది. లోపమేదైనా ఉంటే అది రేవులోనే రాలిపోయి ఉంటుంది. ఆమె సంతకం పెట్టలేదు. షెడ్లీ గారు కోటు వేసుకుని బయల్దేరుతూ అడిగితే, "ఇంకా చూస్తున్నానండీ" అంది.

*

ఆ పెట్టెలో నడిచే ప్రోగ్రాములన్నిటికీ అడుగున కెర్నెల్ ఉంటుంది. ఎవరికెంత మెమరీ ఇవ్వాలి, ఎవరి వంతు ఎప్పుడు అనేది తేల్చేది అదే. ఆ కెర్నెల్ కంపెనీ సొత్తు కాదు. దేశదేశాలవాళ్ళు కలిసి రాసేది, ఎవరైనా తీసుకోవచ్చు. దాన్ని ఈ చిన్న పెట్టెకు సరిపడేలా మలచడమే నజ్లా ఉద్యోగం. వేసవికి ముందు పాత కెర్నెల్ తీసి కొత్తది ఎక్కించింది కూడా ఆమే.

మంగళవారం ఉదయం ఆమె మొదట చేసిన పని, మూడు రోజుల అలసటను కొద్ది నిమిషాల్లో తెచ్చిపెట్టే చిన్న ప్రోగ్రాము రాయడం. అది మెమరీ నిండా చిన్నచిన్న ముక్కలు ఆక్రమిస్తుంది. ఆ తర్వాత ఒకటి వదిలి, పక్కది అట్టే పెట్టుకుంటుంది. మళ్ళీ ఒకటి వదులుతుంది. అట్టే పెట్టుకున్నవాటిలో కొన్ని కదిలించడానికి వీల్లేనివి. చివరికి ఖాళీ చాలా ఉంటుంది గానీ, ఎక్కడా నాలుగు ముక్కల చోటు వరసగా ఉండదు. రోజుల తరబడి ఆగకుండా నడిచిన యంత్రం స్థితి అచ్చంగా ఇదే.

ప్రోగ్రాము నడిపింది. దొంగ సంకేతం మీద పడవ ఉత్తరానికి వెళుతోంది. స్క్రీన్ మీద మ్యాపును కొంచెం పెద్దది చేసింది. పెద్ద బొమ్మ గీయాలంటే, స్క్రీన్‌ను నడిపే డ్రైవరు అనే ప్రోగ్రాముకు మెమరీలో పెద్ద చోటు, అదీ ఒకే వరసలో కావాలి.

పడవ బొమ్మ ఆగింది.

నజ్లా కుర్చీలోంచి లేవలేదు. స్క్రీన్ మూల గడియారం వైపు చూసింది. అదీ ఆగింది. పక్క కంప్యూటరులో దొంగ పడవ పోతూనే ఉంది. ఆమె పెదాలు కదలకుండా లెక్కపెట్టింది. ఎంతసేపటికో స్క్రీన్ ఉలిక్కిపడినట్టు కదిలి, పడవ బొమ్మ ఒక్క ఎగురులో చాలా దూరం పోయి పడింది. ఆ ఎగిరిన దూరంలో ఒక షర్ఫియా కాదు, రెండు పడతాయి.

"ఇస్కందర్, ఇలా రా."

ఇస్కందర్ సాండ్‌విచ్ కాగితం నలుపుతూ వచ్చాడు. ఆమె మళ్ళీ చేసి చూపించింది. ఆగింది. అతని నమలడం కూడా ఆగింది. చాలాసేపటికి స్క్రీన్ కదిలింది.

"గడియారం కూడా" అన్నాడతను.

"గడియారం కూడా. ఆయన మొదటే చెప్పాడు."

ఇస్కందర్ కాగితాన్ని చెత్తబుట్టలో వెయ్యబోయి, వెయ్యకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. "నేను పెళ్ళి గురించి అన్నాను ఆయన్ని" అన్నాడు. కాసేపయ్యాక తన కుర్చీ ఈడ్చుకొచ్చి ఆమె బల్ల పక్కన వేసుకున్నాడు. "ఏం చెయ్యాలో చెప్పు."

పాత కెర్నెల్ పెట్టి అదే పరీక్ష చేశారు. పడవ బొమ్మ చిన్నగా తడబడిందే గానీ ఆగలేదు. అంటే పాతది మంచిది, కొత్తది చెడ్డది. ఈ రెండింటి మధ్య ఎవరెవరో చేసిన మార్పులు వేలల్లో ఉన్నాయి. వాటన్నిటినీ చదవడం అయ్యే పని కాదు. సరిగ్గా నడిమికి వెళ్ళి, అప్పటి కెర్నెల్‌ను కట్టి, పెట్టెలో ఎక్కించి చూడాలి. అది చెడ్డదైతే తప్పు మొదటి సగంలో ఉంది, మంచిదైతే రెండో సగంలో. ఆ సగంలో మళ్ళీ నడిమికి. నజ్లా కట్టేది, ఇస్కందర్ ఎక్కించేవాడు. ప్రతిసారీ పెట్టె లేచేలోపు అతను నోటు పుస్తకమేమీ లేకుండా స్కేలు పట్టుకుని గోడ మీది బోర్డులో గీత గీసేవాడు. మంచిదైతే పైకి, చెడ్డదైతే కిందికి.

"మా అమ్మ ఈగ పడ్డ కూర కుండను ఇలాగే వెతుకుతుంది" అన్నాడు ఒకసారి. "ఒక్కటి తేడా. ఆవిడ ఈగ దొరికాక కూడా వడ్డిస్తుంది."

నజ్లా ఆ రోజు మొదటిసారి నవ్వింది.

బుధవారం పొద్దున కాఫీ వేళకు ఒకే ఒక్క మార్పు దగ్గరికి వచ్చి ఆగారు. కొద్ది వరసలు. రాసినవాడి పేరు రైవో, ఎస్టోనియా మనిషి. కెర్నెల్‌లో ఆ భాగాన్ని చూసుకునే పెద్దల్లో ఒకడు. ఆ పేరు నజ్లాకు కొత్త కాదు. అతను రాసినవి చదివే ఆమె ఈ పని నేర్చుకుంది.

మార్పులో దురుద్దేశమేమీ లేదు, సోమరితనం కూడా లేదు. పెద్దపెద్ద సర్వర్లలో మెమరీ కొద్దిగా దొరక్కపోగానే కెర్నెల్ తొందరగా చేతులెత్తేసి ప్రోగ్రాముల్ని చంపేస్తోందట. అలా కాకుండా ఇంకాస్త ఓపిక పట్టి, ముక్కల్ని అటూ ఇటూ జరిపి, చోటు చేసి చూడమని రాశాడు. కానీ ఆ సర్దుబాటులో పాత షరతు ఒకటి జారిపోయింది. "దొరక్కపోతే ఫర్లేదు, వెంటనే లేదని చెప్పెయ్, నేను వేరే దారి చూసుకుంటాను" అని ముందే చెప్పి అడిగేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళను కూడా కెర్నెల్ ఇప్పుడు నిలబెట్టేస్తోంది.

"మన డ్రైవరు అలా అడిగేదేనా?" అన్నాడు ఇస్కందర్.

"అలాగే అడుగుతుంది. పెద్ద చోటు లేదంటే చిన్న ముక్కలు తీసుకుని గీసుకుంటుంది. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. ఇప్పుడు దానికి లేదనే మాటే రావట్లేదు."

*

మధ్యాహ్నం షెడ్లీ గారు వాళ్ళిద్దరినీ భోజనానికి తన గదిలోకి పిలిచారు. గుడ్డు పెట్టి వేయించిన బ్రీకులు, సలాడు, రొట్టె. ఆయన తినకుండా నజ్లా చెప్పేదంతా విన్నారు.

"అర్థమయ్యేలా చెప్పు" అన్నారు.

"పెళ్ళి భోజనాల హాలు అనుకోండి. కుర్చీలు బోలెడు ఖాళీగా ఉన్నాయి, కానీ ఇక్కడొకటి అక్కడొకటి. ఎనిమిది మంది గుమ్మంలోకి వచ్చి, ఒకే వరసలో చోటుంటే ఇవ్వండి, లేకపోతే విడివిడిగా కూర్చుంటాం అన్నారు. ఇదివరకటి మనిషి ఒకసారి చూసి, లేదు వెళ్ళి కూర్చోండి అనేవాడు. కొత్తగా వచ్చినవాడు కూర్చున్నవాళ్ళందర్నీ లేపి జరపడం మొదలుపెట్టాడు. ఈ ఎనిమిది మందీ గుమ్మంలోనే నిలబడిపోయారు. మ్యాపు గీసేది వీళ్ళే. వీళ్ళు కదిలితేనే స్క్రీన్ కదిలేది."

షెడ్లీ గారు తల ఊపారు. తెలివైన మనిషి, ఒక్కసారి చెబితే చాలు. "అంటే తప్పు మనది కాదు. ప్రపంచమంతా వాడే కెర్నెల్‌ది."

"పెట్టె మనది కదండీ."

"సరిచెయ్యి. కాదన్నానా? వచ్చే వారం అన్ని పడవలకూ కొత్తది పంపిద్దాం, చప్పుడు లేకుండా. రేపటికి మాత్రం నివేదిక ఇచ్చెయ్యాలి." కాగితం ముందుకు జరిపారు. పరీక్షించిన పెట్టెలో లోపమేదీ కనిపించలేదని అందులో ఉంది. "ఇందులో అబద్ధమేముంది? సోమవారం పరీక్షించావు. కనిపించలేదు."

"మంగళవారం కనిపించింది."

"అమ్మాయీ, పొగమంచులో స్క్రీన్ నమ్ముకుని వేగంగా రావడం ఆయన తప్పు కాదా? ఒక కాలం లైసెన్సు ఆపుతారు. కొడుకు పడవలో వెళతాడు. లోకం మునిగిపోదు. మన పెట్టె పడవల్ని దడుల మీదికి తోలుతుందని దీవిలో మాట పుడితే, ఇక్కడ పనిచేసేవాళ్ళందరి ఇళ్ళలో పొయ్యి ఏమవుతుందో ఆలోచించు."

అది బెదిరింపులా లేదు. నిజంగా ఆయన ఆలోచిస్తున్నదే పైకి అన్నారు. అయినా ఆమె కాగితాన్ని రెండు వేళ్ళతో వెనక్కి జరిపింది.

"నేను పెట్టలేనండీ."

ఆయన పెన్ను ఇస్కందర్ వైపు తిప్పారు. "పరీక్షలో నువ్వూ ఉన్నావుగా."

ఇస్కందర్ చేతిలో సగం కొరికిన బ్రీకు ఉంది. పచ్చసొన మణికట్టు దాకా కారుతోంది. అతను రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. "చేతులు జిడ్డండీ" అన్నాడు. ఆ తర్వాత ఆ భోజనం అయ్యేదాకా చేతులు కడుక్కోలేదు.

షెడ్లీ గారు పెన్నుకు మూత పెట్టారు. "సరే. నేనే పెడతాను" అన్నారు.

*

సరిచేయడానికి పట్టిన వరసలు చాలా కొద్ది. రైవో పెట్టిన ఓపికను ఆమె తీసేయలేదు. తీసేస్తే సర్వర్ల పాత బాధ తిరిగొస్తుంది. మళ్ళీ ప్రయత్నించాలా వద్దా అని కెర్నెల్ నిర్ణయించుకునే చోట, అడిగినవాడు వేరే దారి ఉందన్నాడేమో ముందు చూడమని ఒక షరతు పెట్టింది. అంటే, జారిపోయిన షరతును ఇప్పుడు ఉండాల్సిన కొత్త చోట పెట్టింది. పెట్టెలో ఎక్కించి, మెమరీని చిందరవందర చేసి, మ్యాపు పెద్దది చేసింది. పడవ బొమ్మ ఒక్క క్షణం తడబడి ముందుకు పోయింది. మళ్ళీ చేసింది. ఇస్కందర్ చేశాడు. ఎన్నిసార్లు చేసినా పోతూనే ఉంది.

ఇక దాన్ని కంపెనీలోనే ఉంచుకుని పెట్టెలకు పంపవచ్చు. లేదా ప్యాచ్ అనే సవరణగా చేసి, కెర్నెల్ రాసేవాళ్ళంతా చదివే చోటికి, అందరూ చూసేలా పంపవచ్చు. బయటివాళ్ళ నుంచి తీసుకున్నదాంట్లో తప్పు దొరికితే సవరణ వాళ్ళకే తిరిగి పంపడం కంపెనీలో మొదటి నుంచీ ఉన్న పద్ధతే. ఎవరినీ అడగనక్కర్లేదు. ఈసారి అది షెడ్లీ గారి నివేదికకు ఎదురు నిలుస్తుందని ఆమెకు తెలుసు. అయినా కూర్చుని రాసింది.

అలాంటి ప్యాచ్ కింద కొన్ని వరసలు ఉండాలి. ఏ మార్పు వల్ల తప్పు వచ్చిందో ఒక వరస. ఎవరు సరిచేశారో ఒకటి. తప్పును మొదట చూసి చెప్పినవారి పేరు ఒకటి. ఆ చివరి వరస దగ్గర ఆగి, ఆమె హమ్మాదీకి ఫోన్ చేసింది.

"రయీస్, మీ పూర్తి పేరు కావాలి. రాయొచ్చా?"

"ఎక్కడ? పోలీసుల దగ్గరా?"

"కాదు. ఈ తప్పు సరిచేసిన కాగితంలో. మొదట చెప్పినవారి పేరు రాస్తారు."

"చెబితే ఎవరు నమ్మారని?"

"నమ్మాను. ఆగడం నా కళ్ళతో చూశాను. గడియారం కూడా ఆగింది."

అవతల మట్టలు కొడుతున్న కత్తి చప్పుడు వినిపిస్తూ వినిపిస్తూ ఆగిపోయింది.

"ఎవరు చూస్తారు ఆ కాగితం?"

"ఎవరైనా. లోకమంతా. తీసేయడానికి కూడా ఉండదు."

"నేను పడుకోలేదని రాస్తావా అందులో?"

"దానికి వేరే వరస ఉండదు రయీస్."

"మరెందుకమ్మా నా పేరు" అన్నాడు. కానీ పేరు చెప్పాడు, తండ్రి పేరుతో, తాత పేరుతో సహా.

ఫోన్ పెట్టేశాక నజ్లా ప్యాచ్ పైభాగానికి వెళ్ళింది. లోపం ఎలా బయటపడిందో చెప్పాల్సింది అక్కడే. చేపల పడవ మీద, పొగమంచులో, పెట్టె కొన్ని రోజులు ఆగకుండా నడిచాక స్క్రీన్ నిలిచిపోయిందని రాసింది. కొంచెం ఆగి, దాని కింద ఇంకో వాక్యం చేర్చింది: "చుక్కాని దగ్గరున్న మనిషి మెలకువగానే ఉన్నాడు, స్క్రీన్ గడియారం ఆగడాన్ని తన చేతి గడియారంతో పోల్చి గుర్తించాడు." సాంకేతికంగా అది అవసరమైన విషయమే. ఎవరూ తీసేయమనలేరు. పంపేసింది.

రైవో నుంచి జవాబు ఆ సాయంత్రం పొద్దు వాలకముందే వచ్చింది. పొడిగా ఉంది. ఈ షరతుతో సర్వర్ల బాధ తిరిగి రాదని రుజువేమిటని అడిగాడు. నజ్లా ఆఫీసులోని పెద్ద యంత్రం మీద అతని పరీక్షనే నడిపి, వచ్చిన ఫలితం ఉన్నదున్నట్టు పంపింది. రెండో జవాబు ఇంకా చిన్నది. షరతు జారిపోవడం తన పొరపాటేనని, ప్యాచ్ తీసుకుంటున్నానని రాశాడు. ఆ కింద విడిగా ఒక ముక్క ఉంది. "ఆ పడవ నడిపే ఆయనకు చెప్పండి, దడి విరిగినందుకు బాధపడుతున్నాను. మనుషులెవరికీ ఏమీ కాలేదు కదా?"

మూడు రోజుల్లో ఆ ప్రశ్న అడిగినవాడు అతనొక్కడే. నజ్లా దాన్ని రెండుసార్లు చదువుకుని, మొత్తం ఉత్తరప్రత్యుత్తరాలను అచ్చు తీసి, పక్కనే అరబ్బీలో అర్థం రాసుకుంది.

*

గురువారం కమిటీ దీవిలో, రేవు ఆఫీసు గదిలో కూర్చుంది. గది నిండా పడవలవాళ్ళు. మబ్రూకా ముందు వరసలో, ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. నడివయసు మనిషి. మొగుడు పోయాక దడి తనే చూసుకుంటోంది. హమ్మాదీ ఇక్కడ కూడా గోడకు ఆనుకునే ఉన్నాడు.

నజ్లా పొద్దుటి ఓడలో వచ్చింది. షెడ్లీ గారు కూడా అదే ఓడలో వచ్చారు. పైనొకరు, కిందొకరు కూర్చున్నారు. దిగేటప్పుడు ఆయన, "మధ్యాహ్నం దాకా సెలవు పెట్టావా?" అని మాత్రం అడిగారు. పెట్టానంది.

అధ్యక్షుడు రిటైరైన రేవు అధికారి. షెడ్లీ గారు ఇచ్చిన నివేదిక తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. అది విప్పేలోపు నజ్లా లేచి తన కాగితాలు బల్ల మీద పెట్టింది. అతను తిప్పి తిప్పి చూసి, రయీస్ మెలకువగా ఉన్నాడన్న వాక్యం పైకి చదివాడు.

"ఎవరీ రైవో? ఏ దేశం? దీనిమీద ముద్రేదీ?"

"ఎస్టోనియా మనిషండీ. ముద్ర ఉండదు. అందరూ చూసేచోట రాసింది. ఇప్పుడు మీ ఫోన్‌లో కూడా తెరిచి చూడొచ్చు."

"ఫోన్‌లో చూసేవి చాలా ఉంటాయమ్మా" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. "రయీస్ నిద్రపోలేదని ఎస్టోనియావాడికెలా తెలిసిందంట?" అని ఇంకో గొంతు. నవ్వు పెద్దదైంది. హమ్మాదీ కాళ్ళ వంక చూసుకున్నాడు.

అధ్యక్షుడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. "షెడ్లీ గారూ, మీ నివేదిక లోపం లేదంటోంది. మీ ఉద్యోగి కాగితం ఉందంటోంది. ఏది నమ్మమంటారు?"

షెడ్లీ గారు లేచి వెళ్ళి నజ్లా కాగితం చేతిలోకి తీసుకున్నారు. అచ్చులో ఆమె పేరు పక్కన ఆమె ఈమెయిలు, దాని చివర కంపెనీ పేరు ఉన్నాయి. కింద రైవో కృతజ్ఞతలు. ఆయన అక్కడ వేలు పెట్టి చాలాసేపు చూశారు. నజ్లాకు ఆయన మెడ మీద చెమట కనిపిస్తోంది. ఆయన తన నివేదికను బల్ల మీద నుంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకున్నారు.

"అది సోమవారం నాటిది" అన్నారు. "ఇది తాజాది. లోపం ఉంది. లోకమంతా వాడే కెర్నెల్‌లో ఉంది. దాన్ని కనిపెట్టింది మా కంపెనీ. పెద్దపెద్ద దేశాలవాళ్ళు కనిపెట్టలేకపోయారు. స్ఫాక్స్‌లో కనిపెట్టాం." గొంతు ఎక్కడా తొణకలేదు. చివరికి వచ్చేసరికి కొంచెం గర్వం కూడా పలికింది.

నజ్లా వెళ్ళి తన చోట కూర్చుంది. కావలసిన మాట అందులో ఉంది. మిగతాది ఎవరు ఎలా పంచుకుంటే ఏం?

అధ్యక్షుడు పక్కవాళ్ళతో గుసగుసలాడి, లైసెన్సు జోలికి వెళ్ళడం లేదన్నాడు. దడి సంగతి రయీస్, మబ్రూకా తేల్చుకోవాలన్నాడు. మబ్రూకా లేచింది. "తేలిపోయింది. నిన్నటి నుంచీ ఆయన మట్టలు కొడుతూనే ఉన్నాడు. నేను లైసెన్సు తియ్యమని అడగలేదు. అడిగింది మీరు" అని బయటికి నడిచింది.

సెలవు తీసుకోకుండా షెడ్లీ గారు ఓడ వైపు వెళ్ళిపోయారు. నజ్లా కొత్త కెర్నెల్ ఎక్కించిన చిన్న డ్రైవు తెచ్చుకుంది. హమ్మాదీ పెట్టె కూడా ఓడలో వెంట తెచ్చింది. గట్టు దిగి అతని పడవలోకెక్కింది. అతను తీగలు పట్టుకుంటే ఆమె బిగించింది. పడవ బ్యాటరీ మీద పెట్టె లేచింది. బంగారు కంకణంలా దీవి బొమ్మ వెలిగింది.

"రైవో గారు మీకొక మాట చెప్పమన్నారు" అని, ఆ ముక్క చదివి వినిపించింది.

హమ్మాదీ విన్నాడు. "మనిషి మంచివాడే" అన్నాడు. ఆ తర్వాత, "నువ్వు రాసింది చదువు. ఆ మెలకువ మాట" అన్నాడు.

చదివింది. ఆ మాట ఎక్కడుందో వేలితో చూపించమన్నాడు. చూపించింది. అతనికి ఆ అక్షరాలు తెలియవు. అయినా తల వంచి, అది ఎంత పొడుగుందో చూసుకున్నాడు.

గట్టు మీద నీడ పడింది. నజ్లా తలెత్తింది. గదిలో వెనక వరసలో నవ్విన మనిషి, తిజానీ. హమ్మాదీకి బావమరిది. చేతిలో పెట్టె ఉంది, తీగలు వేలాడుతున్నాయి.

"దీనికి కూడా ఎక్కిస్తావా అమ్మాయీ?"

"అందరికీ వచ్చేవారం ఎలాగూ పంపుతారు. తొందరేముంది?"

తిజానీ సముద్రం వంక చూశాడు. "నాది కూడా ఆగింది" అన్నాడు మెల్లగా. "రెండుసార్లు. నీళ్ళు లోతున్న చోట కాబట్టి ఏం కాలేదు."

హమ్మాదీ చేతిలోని తీగ వదల్లేదు. "ఎప్పుడు?"

"నీకంటే ముందే."

"చెప్పలేదేం?"

"చెబితే ఏమనేవాళ్ళు? నిన్నేమన్నారో చూశావుగా."

"అన్నది నువ్వే కదరా."

తిజానీ గట్టు అంచుకు జరిగి చోటిచ్చాడు. అతని వెనక ఇంకొకతను పెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆ వెనక ఫర్జానీ అనే కుర్ర రయీస్, కొత్తగా పడవ కొన్నవాడు. మ్యాపు పెద్దది చేసినప్పుడల్లా ఆగేదని, తనకు వాడడం రాదేమోనని ఎవరికీ చెప్పలేదని అన్నాడు. గట్టు మీద వరస పెరిగింది. ఎవరి పెట్టె వాళ్ళు పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. కాఫీ దుకాణంలో పక్కపక్కన కూర్చుని హమ్మాదీని ఆడిపోసుకున్నవాళ్ళే అందరూ.

నజ్లా ఒక్కో పెట్టె అందుకుని, డ్రైవు పెట్టి, లేచేదాకా చూసి, తిరిగి ఇచ్చింది. హమ్మాదీ తన బ్యాటరీ తీగ ఒకదాన్నుంచి ఒకదానికి మార్చి పట్టుకున్నాడు. ఎవరినీ ఇంకొక్క మాట అడగలేదు.

తన పెట్టె తీసుకుంటూ తిజానీ ఆగాడు. "ఆ కాగితంలో పేర్లు రాస్తారంట కదా. మాది కూడా ఆగింది కాబట్టి, మా పేర్లు కూడా పడతాయా?"

నజ్లా తల అడ్డంగా ఊపింది. "ఆగినవాళ్ళ పేర్లు రాయరు బాబాయ్. చెప్పినవాళ్ళవే."

తిజానీ పెట్టెను గుండెకు ఆనించుకుని వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత ఇంటి వైపు కాకుండా గట్టు వెంట కిందికి దిగాడు. హమ్మాదీ కొట్టి పెట్టిన ఈత మట్టల మోపు అక్కడుంది. పెట్టెను ఎండలో రాతి మీద జాగ్రత్తగా పెట్టి, పంట్లాము మోకాళ్ళ దాకా మడిచాడు. మోపును భుజానికెత్తుకుని, మబ్రూకా దడి ఉన్న వైపు నీళ్ళలోకి నడిచాడు.